486 బోర్డు క్యాష్ చిప్పులు: ఏరుకోవడం, వేగం కొలవడం, వాడడం

కర్నూలు, కడప, అనంతపురం ఎక్కడైనా సరే, 15 నానోసెకన్ల 32కె×8 (32 కిలోబైట్ల) ఎస్‌రామ్, అంటే పాత కంప్యూటర్లలో క్యాష్‌గా వాడిన వేగపు మెమరీ చిప్పు, కావాలని కౌంటర్‌లో అడిగితే తెల్లమొహం వేస్తారు. గుజిరీ అంగళ్లలో, పాత రిపేరు షాపుల అటకల మీద 486 (1990ల నాటి పీసీ) మదర్‌బోర్డునే వెతకండి. సన్నటి 28 కాళ్ల చిప్పులు తొమ్మిది సాకెట్లలో కూర్చుని ఉంటే అవే. ఎనిమిది కలిస్తే 256 కిలోబైట్లు, తొమ్మిదోది ట్యాగ్, అంటే క్యాష్‌లో ఏ అడ్రసు డేటా ఉందో గుర్తుపెట్టుకునేది. కాళ్ల వరుసల మధ్య దూరం 7.62 మి.మీ. ఉండాలి. 15.24 ఉంటే అది మామూలుగా 70 నానోసెకన్ల నిదానపు రకం. ‘రైట్ బ్యాక్’ అని అచ్చేసి నేరుగా సోల్డర్ చేసినవి వదిలేయండి. 1990ల మధ్యలో కొన్ని బోర్డుల మీద ఉత్త ప్లాస్టిక్ ముక్కలే పెట్టి అమ్మారు.

పేరులో ఒకటి రెండు అక్షరాల తేడా కొంప ముంచుతుంది: ఐఎస్61సీ256 అయితే 5 వోల్టులు, ఐఎస్61ఎల్‌వీ256 అయితే 3.3.

ఆన్‌లైన్‌లో తళతళలాడే ‘కొత్త’ సరుకు వస్తే ముందు అనుమానించండి. నిదానపు చిప్పు మీద -15 (15 నానోసెకన్లు) అని మళ్లీ అచ్చేసినా ప్రోగ్రామర్ (చిప్పులు రాసి, చదివే పరికరం) టెస్టులో పాసైపోతుంది, ఎందుకంటే ఆ టెస్టు నిదానంగానే చదువుతుంది. వేగం ఇలా కొలవండి. 28వ కాలికి 5 వోల్టులు, 14వ కాలికి గ్రౌండ్, ఆ రెంటి మధ్యలో 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్. 20 (సీఈ, చిప్పును ఎంచుకునే కాలు), 22 (ఓఈ, డేటా బయటికి వదిలే కాలు), ఏ0 తప్ప మిగతా అడ్రసు కాళ్లు అన్నీ గ్రౌండ్‌కు. 27 (డబ్ల్యూఈ, రాయమని చెప్పే కాలు)కి 5 వోల్టుల వైపు 10కె రెసిస్టర్ (పుల్‌అప్), గ్రౌండ్‌కు ఒక బటన్. ఏ0 (10వ కాలు) కిందికి అంటే గ్రౌండ్‌కు, డీ0 (11వ కాలు)ని 1కె రెసిస్టర్ ద్వారా గ్రౌండ్‌కు కలిపి బటన్ నొక్కండి. తర్వాత ఏ0 పైకి అంటే 5 వోల్టులకు, డీ0ని అదే 1కె ద్వారా 5 వోల్టులకు కలిపి మళ్లీ నొక్కండి. కరెంటు తీయకుండా 1కె తీసేసి, ఏ0కి 5 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ ఇవ్వండి. స్కోపులో ఏ0కి, డీ0కి మధ్య కనిపించే ఆలస్యమే అసలు వేగం. కనీసం 100 మెగాహెర్ట్జ్ స్కోపు, ×10 ప్రోబు కావాలి.

చల్లగా ఉన్నప్పుడు 15 దగ్గర గీటు మీద పాసైన చిప్పును నమ్మకండి. మే నెల మధ్యాహ్నం అనంతపురంలో మూసిన డబ్బాలో అది ఇంకా నిదానిస్తుంది.

ఈ చిప్పులతో సొంత సర్క్యూట్ కట్టేటప్పుడు డిజైన్‌లో తప్పు ఎక్కువగా పక్కనున్న లాజిక్ దగ్గరే జరుగుతుంది. ఈ చిప్పులు ‘1’కి 2.4 వోల్టులే గ్యారంటీ ఇస్తాయి. 74హెచ్‌సీ చిప్పుకు దాదాపు 3.5 కావాలి. బల్ల మీద ఆడుతుంది, రెండో రోజు మొరాయిస్తుంది. 74ఏసీటీ వాడండి. 20 మెగాహెర్ట్జ్‌లో సైకిల్ 50 నానోసెకన్లు: అడ్రసు లాచ్‌కు (అడ్రసును పట్టి ఉంచే చిప్పు) 10, డీకోడర్‌కు (ఏ చిప్పో ఎంచేది) 10, చిప్పుకు 15, సెటప్‌కు (చదివేముందు డేటా నిలకడగా ఉండాల్సిన సమయం) 5 వేసుకుంటే మిగిలేది 10. డీకోడర్ నిదానమైతే ఆ పదీ పోతాయి.

ట్రాక్‌లు చిక్కుపడితే అడ్రసు కాళ్లను వాటిలో అవి, డేటా కాళ్లను వాటిలో అవి మార్చుకోవచ్చు. ఎస్‌రామ్‌కు తేడా తెలియదు. డబ్ల్యూఈ మాత్రం అడ్రసు కుదురుకున్నాకే కిందికి రావాలి, అడ్రసు మారకముందే పైకి పోవాలి. లేకపోతే ఒక చోట రాయబోయి ఇంకోచోట చెరిపేస్తుంది. ఆ లైనులో 33 ఓమ్‌ల రెసిస్టర్ వేస్తే రింగింగ్ (సిగ్నల్ అంచుల్లో ఊగిసలాట) తగ్గుతుంది.