గ్రాఫీన్ మీద కాంటాక్ట్ రెసిస్టెన్స్ తగ్గట్లేదా? మెటల్‌ని తిట్టే ముందు విండో చూడండి

సమస్య: గ్రాఫీన్ (ఒక్క పరమాణువు మందం ఉండే కార్బన్ పొర) మీద టైటానియం-గోల్డ్ కాంటాక్టులు వేశారు. కరెంట్ వస్తోంది, కానీ రావాల్సినంత లేదు. ఒకే చిప్ మీద ఒక డివైస్ కాంటాక్ట్ రెసిస్టెన్స్ (మెటల్, గ్రాఫీన్ కలిసే చోట కరెంట్‌కు వచ్చే అడ్డు) 500 ఓమ్ మైక్రోమీటర్లు చూపిస్తే పక్కది 5,000 చూపిస్తోంది.

ముందు ఆ టూ-ప్రోబ్ రీడింగ్ (రెండు సూదులు పెట్టి కొలిచిన మొత్తం రెసిస్టెన్స్) పక్కన పెట్టండి. అందులో కాంటాక్టూ ఉంది, చానెలూ (కాంటాక్టుల మధ్య ఉన్న గ్రాఫీన్) ఉంది, ప్రోబ్ సూదీ ఉంది. నా దగ్గరకు వచ్చేవాళ్లు ఎక్కువగా ఈ ఒక్క నంబరు పట్టుకునే వస్తారు. టీఎల్ఎం (ట్రాన్స్‌ఫర్ లెంగ్త్ మెథడ్) చేయండి. కాంటాక్టుల మధ్య దూరం మారుస్తూ కొలిచి గీత గీస్తే, దూరం సున్నా దగ్గర మిగిలేది రెండు కాంటాక్టుల వాటా. ప్రతి చానెల్‌నీ దాని డిరాక్ పాయింట్ (రెసిస్టెన్స్ గరిష్ఠంగా ఉండే గేట్ వోల్టేజ్) నుంచి ఒకే గేట్ వోల్టేజ్ దూరంలో కొలవాలి. లేకపోతే గీత ఎటో పోయి, ఒక్కోసారి రెసిస్టెన్స్ మైనస్‌లో వస్తుంది. వస్తే సంబరపడకండి.

టీఎల్ఎంలోనూ ఎక్కువే ఉందా? అయితే దాదాపు ఎప్పుడూ కారణం ఒక్కటే: విండోలో (మెటల్ పడాల్సిన చోట రెసిస్ట్‌లో తెరిచిన ఖాళీలో) మిగిలిపోయిన రెసిస్ట్, అంటే నమూనా గీయడానికి పూసే ప్లాస్టిక్ పూత.

"ఎనీల్ చేశాను (వేడి చేసి శుభ్రం చేశాను) కదా" అంటారు. నేనూ అన్నాను. గ్రాఫీన్‌ని చిప్ మీదకు ట్రాన్స్‌ఫర్ చేశాక హైడ్రోజన్-ఆర్గాన్‌లో 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎనీల్ చేసి, ఏఎఫ్ఎంలో (సన్నటి సూదితో ఉపరితలాన్ని తడిమి చూసే పరికరం) శుభ్రంగా కనిపించేసరికి మెటల్‌ని అనుమానించాను. టైటానియం తీసి క్రోమియం, అదీ తీసి పల్లాడియం. నెలలు పోయాయి. ఆ ఎనీల్ పోగొట్టింది ట్రాన్స్‌ఫర్‌లో అంటుకున్న పీఎంఎంఏ అనే ప్లాస్టిక్‌ని. ఆ తర్వాత లితోగ్రఫీకి మళ్లీ మన చేత్తోనే పీఎంఎంఏని రెసిస్ట్‌గా పూస్తాం. డెవలప్ చేశాక కూడా పలచటి పొర మిగులుతుంది, మెటల్ దాని మీద పడుతుంది. మెటల్ వేసే ముందు ఎనీల్ చేద్దామన్నా కుదరదు, సుమారు 105 డిగ్రీలు దాటితే పీఎంఎంఏ మెత్తబడి విండో అంచులు జారిపోతాయి. మెటల్ వేశాక చేస్తే చానెల్ బాగుపడుతుంది గానీ, మెటల్ కింద ఇరుక్కున్నది అక్కడే ఉంటుంది.

ఇది మామూలు ఆప్టికల్ మైక్రోస్కోప్‌లో కనపడదు. గ్రాఫీన్ పొర 0.34 నానోమీటర్లయితే ఈ మురికి ఒకటి రెండు నానోమీటర్లు. ఎలక్ట్రాన్లకు అదే పెద్ద గోడ. ఖాళీ సందులో టన్నెలింగ్ కరెంట్ (ఎలక్ట్రాన్లు అడ్డుగోడను దాటిపోవడం వల్ల వచ్చేది) 0.1 నానోమీటరుకే సుమారు పదో వంతుకు పడిపోతుంది. అందుకే మురికి లేని చోట్ల నుంచే అవి దాటుతాయి. ఆ చోట్లు డివైస్ డివైస్‌కీ మారతాయి, మీ నంబర్లు చెల్లాచెదురుగా ఉన్నది అందుకే.

చెక్ సులువే. ఏఎఫ్ఎం సూది దిగేంత, 20 మైక్రోమీటర్ల విండో ఒకటి అదనంగా పెట్టండి. గ్రాఫీన్ మీదే పెట్టాలి. ఖాళీ ఆక్సైడ్ మీద పెడితే శుభ్రంగా కనపడి మోసం చేస్తుంది. మురికి ఉంటే ఈ-బీమ్ డోస్ కాస్త పెంచండి, డెవలపర్ కొత్తది వాడండి. అప్పటికీ పోకపోతే కొద్దిసేపు యూవీ ఓజోన్ పెట్టండి, కానీ రామన్ స్పెక్ట్రంలో 1350 సెం.మీ⁻¹ దగ్గర డి పీక్ (గ్రాఫీన్‌లో లోపాల గుర్తు) లేస్తుంటే ఆపేయండి. అది మురికి కాదు, గ్రాఫీనే కాలిపోతోంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. వాక్యూమ్ సరిగా లేకపోతే టైటానియం ఆక్సిజన్ పీల్చుకుంటుంది, షట్టర్ మూసి ముందు కొంత ఆవిరి చేయండి. హోల్ (ధనావేశం మోసేది) వైపు, ఎలక్ట్రాన్ వైపు రెసిస్టెన్స్ వేర్వేరుగా వస్తే అది రిపేర్ చేయాల్సిన తప్పు కాదు, మెటల్ తన కింద గ్రాఫీన్‌ని డోప్ చేయడం (దానిలోని ఆవేశాల సంఖ్య మార్చడం) వల్ల వచ్చేదే. గ్రాఫీన్‌లో పగులుంటే మెగాఓమ్‌లు చూపిస్తుంది, ఆ డివైస్ వదిలేసి పక్కదానికి వెళ్లండి.