మూడేళ్ళు దాటినా మాట రాలేదా, కుదురుగా కూర్చోవడం లేదా? ఇంట్లో ఏం చేయాలంటే

ఖమ్మంలో పిల్లల స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. వైరా, మధిర, ఇల్లందు వైపు నుంచి బస్సెక్కి వచ్చే తల్లులు, నాన్నమ్మలు మొదట చెప్పే మాట దాదాపు ఒకటే: "అన్నీ అర్థమైతయ్ మేడమ్, నోటితోనే చెప్పడు. ఒక్కచోట కూర్చోడు." ఈ రెండు ఇబ్బందులూ కలిసి ఉన్న మూడు, నాలుగేళ్ళ పిల్లల కోసం ఇది రాస్తున్నాను. వారానికి రెండుసార్లు నా దగ్గర కాసేపు గడిపే పిల్లాడు మిగతా సమయమంతా మీ దగ్గరే ఉంటాడు. మాట వచ్చేది అక్కడే. అందుకే నేను థెరపీ గదిలో చేసే పనిని మీరు వంటింట్లో, స్నానం దగ్గర, కిరాణా కొట్టుకు వెళ్ళే దారిలో ఎలా చేయాలో చెబుతాను.

అన్నిటికన్నా ముందు చెవి

మాట ఆలస్యమైన ప్రతి పిల్లాడికీ వినికిడి పరీక్ష చేయించాలి. "పిలిస్తే తిరుగుతాడు, టీవీలో పాట వస్తే పరుగెత్తుకొస్తాడు, చెవులు బాగానే ఉన్నాయి" అంటారు. అది సరిపోదు. జలుబు చేసినప్పుడల్లా కర్ణభేరి వెనుక నీరు చేరే పిల్లలకు పెద్ద చప్పుళ్ళు వినిపిస్తాయి కానీ మాటల్లోని సన్నని ధ్వనులు సరిగా అందవు. ఒక వారం బాగా వింటారు, ఇంకో వారం సగమే వింటారు. అలాంటి పిల్లాడు చూసేవాళ్ళకు పరధ్యానంగా, చెప్పిన మాట వినని మొండివాడిలా కనిపిస్తాడు.

పిల్లాడు నోటితో జవాబు చెప్పక్కర్లేని పరీక్షలు ఉన్నాయి. చెవిలో చిన్న గొట్టం పెట్టి చేసే ఓఏఈ పరీక్ష కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. శబ్దం చెవి నుంచి మెదడుకు చేరుతోందో లేదో చూసే బెరా పరీక్ష నిద్రలో ఉండగా చేస్తారు, తలకు తీగలు అంటిస్తారు, నొప్పి ఉండదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల ఎదుగుదల లోపాలను ముందే గుర్తించి సాయం చేసే డీఈఐసీ అనే కేంద్రాలు జిల్లా స్థాయిలో నడుస్తున్నాయి. అక్కడ పిల్లలను ఉచితంగా చూస్తారు. అదే కార్యక్రమం బృందం అంగన్‌వాడీలకు కూడా వస్తుంది. వాళ్ళు వచ్చిన రోజు పిల్లాడిని తీసుకెళ్ళి, "మాట రావడం లేదు" అని మీరే ముందు చెప్పండి. బరువు, ఎత్తు చూసే హడావిడిలో ఆ సంగతి మరుగున పడుతుంది. హైదరాబాద్ దగ్గరివాళ్ళకు కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట సమస్యలు చూసే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉన్నాయి.

డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడే ఇంకో రెండు సంగతులు అడగండి. పిల్లాడు నోరు తెరిచి నిద్రపోతూ గురక పెడుతుంటే ముక్కు వెనుక ఉండే ఎడినాయిడ్స్ అనే కండ వాచిందేమో చూడమనండి. నిద్ర సరిగా పట్టని పిల్లాడు పగలంతా చిందులు వేస్తాడు, దేని మీదా మనసు నిలపడు. రెండోది రక్తం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఐరన్ తక్కువైతే ధ్యాస కూడా దెబ్బతింటుంది.

ఇంకా ఆగుదామా అన్న ప్రశ్నకు

ఏడాది నిండేసరికి చేయి చాపి చూపించడం, టాటా చెప్పడం రావాలి. రెండేళ్ళకు "అమ్మ దా", "పాలు కావాలి" లాంటి రెండు మాటలు కలవాలి. మూడేళ్ళకు చిన్న వాక్యాలు రావాలి, బయటివాళ్ళకు కూడా చాలావరకు అర్థం కావాలి. ఇంతకుముందు అన్న మాటలు ఏ వయసులో అయినా మానేస్తే ఒక్క వారం కూడా ఆగకండి.

"మగపిల్లలకు ఆలస్యంగానే వస్తాయి" అని చుట్టాలు ధైర్యం చెబుతారు. ఆడపిల్లలతో పోలిస్తే ఆ తేడా సగటున కొద్ది నెలలే. "మా వాడికి నాలుగేళ్ళకు గానీ రాలేదు, ఇప్పుడు ఇంజినీరు" అనేవాళ్ళూ ఉంటారు. వాళ్ళ అబ్బాయి సంగతి నిజమే కావచ్చు, కానీ మీ పిల్లాడు ఏ దారిన వెళ్తాడో దాన్నిబట్టి తెలియదు. థెరపీ మొదలుపెట్టాక మాటలు వాటంతట అవే వచ్చేసినా పోయేదేమీ లేదు. రెండేళ్ళు ఊరికే ఆగితే మాత్రం మాటలు పూసే వయసు చేజారిపోతుంది.

వస కొమ్ము అరగదీసి నాకించడం మానేయండి. దాంతో మాటలు రావు, ఆ వేరులో హాని చేసే పదార్థం కూడా ఉంది. నాలుక కింద తీగ కోయిస్తే మాటలొస్తాయని కూడా చెబుతారు. తీగ మరీ బిగుతుగా ఉంటే కొన్ని అక్షరాలు పలకడానికి అడ్డం కావచ్చు, కానీ అసలు మాటే లేకపోవడానికి అది కారణం కాదు.

ఫోన్ సంగతి

రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంటకు మించి స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మాట ఆలస్యమైన పిల్లాడికి నేను ఇంకా తగ్గించమంటాను. ఎందుకంటే ఫోన్ చూస్తున్నంతసేపూ మీకూ వాడికీ మధ్య మాట ఉండదు. అన్నం దగ్గర ముందు మానేయండి. మొదటి కొన్ని రోజులు ఏడుస్తాడు, తక్కువ తింటాడు. ఆ రోజుల్లో నాన్నమ్మ, తాత, బాబాయి అందరూ ఒకే మాట మీద ఉండాలి. ఒక్కరు జాలిపడి ఇచ్చినా, గట్టిగా ఏడిస్తే ఫోన్ వస్తుందని వాడు నేర్చుకుంటాడు. పెద్దవాళ్ళ ఫోన్లు కూడా అన్నం తినే ఆ అరగంట పక్క గదిలో ఉండాలి. ఎవరూ చూడని టీవీ మోగుతూ ఉంటే దాన్నీ ఆపండి. ఆ రొదలో మీ మాట వేరుగా పట్టుకోవడం వాడికి కష్టం.

మాట నేర్పే పద్ధతి

"చెప్పు. అమ్మ అను. ఇదేంటి? అదేంటి? చెప్తేనే ఇస్తా." చాలా ఇళ్ళలో రోజంతా ఇదే నడుస్తుంది. మాట రాని పిల్లాడికి ఇది రోజంతా పరీక్ష రాసినట్టు ఉంటుంది, అందుకే తప్పించుకుని పరుగెడతాడు. ప్రశ్నలు తగ్గించండి. వాడు ఏం చూస్తున్నాడో చూసి, దాని గురించి మీరే ఒక మాట అనండి. కిటికీలోంచి కుక్కను చూస్తుంటే పక్కన చేరి "కుక్క! కుక్క పరుగెత్తింది" అనండి. మీరు అనుకున్న బొమ్మ వైపు వాడిని లాక్కురావడం కన్నా, వాడు చూస్తున్న వైపు మీరు వెళ్తే మాట త్వరగా అంటుకుంటుంది. కింద కూర్చోండి, మీ మొహం వాడి మొహానికి ఎదురుగా ఉండాలి. మీ పెదాలు కదలడం వాడికి కనిపించాలి.

అన్నాక ఆగండి. మనసులో ఐదు లెక్కపెట్టేదాకా నోరు తెరవకండి. ఇది చెప్పినంత తేలిక కాదు, మనకు ఆ నిశ్శబ్దం భరించడం కష్టం. వాడికి మాత్రం విన్నది అర్థం చేసుకుని, జవాబు వెతుక్కుని, నోరు కదపడానికి అంత సమయం కావాలి. ఆ లోపు వాడు చూసినా, చేయి చాపినా, "ఊ" అన్నా అది జవాబే. వెంటనే స్పందించండి.

వాడు ఉన్న మెట్టు కన్నా ఒక్క మెట్టు పైన మాట్లాడండి. అసలు మాటలు లేకపోతే చప్పుళ్ళు, చేతి సైగలతో మొదలుపెట్టండి: కావ్ కావ్, భౌ భౌ, డుర్రు, టాటా. బువ్వ, లాల, జోజో లాంటి చంటిపిల్లల మాటలు వాడితే తప్పేమీ లేదు. ఇలాంటి చాలా మాటల్లో ఒకే అక్షరం రెండుసార్లు వస్తుంది కాబట్టి పలకడం తేలిక. ఒక్కో మాట వస్తుంటే మీరు రెండు అనండి. వాడు "నీళ్ళు" అంటే మీరు "నీళ్ళు తాగుతా" అనండి. తెలుగులో క్రియ చివర వస్తుంది, చివర విన్నది పిల్లల చెవిలో నిలుస్తుంది. అందుకని రా, పో, ఇవ్వు, తీయి, వద్దు, అయిపోయింది లాంటి మాటలను సాగదీసి, రాగం తీసి పలకండి. రంగులు, అంకెలు, ఏబీసీడీలు చాలామంది పిల్లలు గడగడా చెబుతారు కానీ దాహమైతే అడగలేరు. ముందు అడగడం రావాలి, అవన్నీ తర్వాత.

రోజూ జరిగే పనుల్లో లాలను మించిన పాఠం నాకు కనపడలేదు. చెంబు ఎత్తి "పోయనా?" అని ఆగండి. వాడు చూడగానే "పోస్తున్నా... పోశా!" అనండి. రోజూ అదే చెంబు, అవే మాటలు, అదే వరుస. కొన్నాళ్ళకు చెంబు ఎత్తి ఊరుకుంటే వాడే "పోయ్" అనడానికి నోరు కదుపుతాడు. వైరా దగ్గరి ఊరి నుంచి వచ్చే ఒక నాన్నమ్మ చదువుకోలేదు, కానీ స్నానం దగ్గర ఈ ఒక్క పద్ధతినే పట్టుగా చేసింది. వాళ్ళ మనవడి మొదటి క్రియ నా గదిలో రాలేదు, ఆమె నీళ్ళ కాగు పక్కన వచ్చింది.

తినేటప్పుడు రెండు చేతుల్లో రెండు పట్టుకుని "అరటిపండా? బిస్కెట్టా?" అనండి. వేలు చూపించినా ఇచ్చేయండి, ఇస్తూ దాని పేరు చెప్పండి. జంతికల డబ్బా మూత బిగించి వాడికి ఇస్తే, తెరవలేక మీ వైపు చూస్తాడు. అప్పుడు "తియ్యి" అని మీరే అని తెరవండి. మాట వచ్చేదాకా ఆకలితో ఉంచడం, వస్తువు దాచి ఏడిపించడం మాత్రం చేయకండి. ఏడుస్తున్న పిల్లాడు ఏమీ నేర్చుకోడు. "తుక్క" అంటే "తుక్క కాదు, కుక్క అను" అనొద్దు. "అవును, కుక్క!" అంటే చాలు, సరైన మాట వాడి చెవిన పడింది. "ర", "ళ" లాంటివి అందరు పిల్లలకూ ఆలస్యంగానే వస్తాయి.

కుదురు ఎలా పెరుగుతుంది

మూడేళ్ళ పిల్లాడు మనం చెప్పిన పనిలో కొన్ని నిమిషాలు నిలిస్తే అదే గొప్ప. అరగంట కూర్చోబెట్టి రాయించాలనుకోవడం వాడికి అన్యాయం. నాలుగేళ్ళు రాకముందే ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య, అని తేల్చడానికి డాక్టర్లు సాధారణంగా తొందరపడరు. నాలుగైదేళ్ళ వయసులో తేలినా మొదట చేసేది తల్లిదండ్రులకు శిక్షణ, మందులు తర్వాతి సంగతి.

కూర్చోబెట్టే ముందు ఒళ్ళు కదిలించండి. నీళ్ళ సీసా మోయించడం, కుర్చీ తోయించడం, మంచం చుట్టూ గెంతించడం. తర్వాత నేల మీద రెండే వస్తువులు ఉంచి మిగతావి బుట్టలో పెట్టి కనపడకుండా చేయండి. ఖరీదైన బొమ్మలు అక్కర్లేదు. ఉల్లిపాయలు ఒక గిన్నెలోకి, బంగాళాదుంపలు ఇంకో గిన్నెలోకి వేయించండి. బట్టల క్లిప్పులు డబ్బా అంచుకు పెట్టించండి. శనగలు, బఠాణీలు ఇవ్వొద్దు, ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు. వాడు లేచిపోబోతున్నాడని తెలియగానే "ఇంకొక్కటి, అయిపోయింది" అని ఆ ఒక్కటీ వేయించి మీరే ముగించండి. పారిపోవడం కన్నా ముగించి లేవడం అలవాటైతే, ఆ సమయం మెల్లగా సాగుతుంది.

వంటింట్లోంచి కేక వేసి చెప్పిన మాట ఈ పిల్లలకు చేరదు. దగ్గరికి వెళ్ళి, భుజం తాకి, పేరు పిలిచి, చూశాక ఒక్క పని చెప్పండి. "చెప్పులు పెట్టి, చేతులు కడుక్కుని, వచ్చి కూర్చో" అంటే వాడికి చివరిదే మిగులుతుంది. "ముందు చెప్పులు, తర్వాత బంతి" అంటే అందుతుంది. చేసిన మంచి పనిని పేరు పెట్టి మెచ్చుకోండి: "భలే, చెప్పులు నువ్వే పెట్టావు!" నిద్ర పగటి కునుకుతో కలిపి పది గంటలకు తగ్గకుండా చూడండి.

బడి, భాష

ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమని బడిలో చెబితే భయపడకండి. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. మీరు వచ్చీరాని ఇంగ్లీషులో అంటే మాత్రం వాడికి దొరికేవి అవే నాలుగు ముక్కలు. మీకు కోపం, ముద్దు ఏ భాషలో వస్తాయో అందులోనే మాట్లాడండి. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకూ ఇదే చెబుతాను. అక్కడ మూడేళ్ళలోపు పిల్లలను ఎర్లీ ఇంటర్వెన్షన్ అనే ప్రభుత్వ కార్యక్రమం వారు, మూడు దాటితే మీ స్కూల్ డిస్ట్రిక్ట్ వారు ఉచితంగా పరీక్షించాలి. రాతపూర్వకంగా అడగండి.

టీచర్‌ను మూడు విషయాలు అడిగితే చాలు: ముందు వరుసలో కూర్చోబెట్టడం, పేరు పిలిచి చెప్పడం, మాట రాలేదని అందరి ముందు నిలబెట్టకపోవడం.

థెరపీకి వెళ్తున్నప్పుడు

థెరపిస్టుకు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ నమోదు సంఖ్య ఉండాలి. అడగడానికి మొహమాటపడకండి. "మూడు నెలల్లో మాట్లాడిస్తాం" అని గ్యారంటీ ఇచ్చేచోట డబ్బు కట్టకండి. పేరు పిలిస్తే చూడకపోవడం, వేలితో చూపించకపోవడం, ఒకే పని పదే పదే చేయడం ఉంటే ఆటిజం గురించి కూడా చూడమనండి. అది తేలితే వైకల్య సర్టిఫికెట్‌తో కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో చేర్పించవచ్చు. అందులో ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంటుంది, థెరపీ ఖర్చుకు కూడా కొంత వస్తుంది.

మొదటిసారి వెళ్ళేటప్పుడు వినికిడి రిపోర్టు, ఇంట్లో ఆడుకుంటుండగా తీసిన చిన్న వీడియో, వాడు అనే మాటల జాబితా పట్టుకెళ్ళండి. మాటలను వాడు పలికినట్టే రాయండి, "తుక్క" అంటే "తుక్క" అనే. తలుపు వేసి మిమ్మల్ని బయట కూర్చోమంటే, లోపల ఉండి చూస్తానని అడగండి. లేచి వచ్చే ముందు ఈ వారం ఇంట్లో ఏ పని, ఏ మాటలతో చేయాలో చెప్పించుకుని కాగితం మీద రాయించుకోండి.