ఆంగ్లికన్ సంఘంలో ఉజ్జీవాన్ని సామాన్య విశ్వాసులు ఎలా మొదలుపెట్టాలి?

సంఘం చల్లబడిపోయిందని బాధపడేవారు ప్రతి ఆంగ్లికన్ (ఇంగ్లండ్ సంఘపు సంప్రదాయానికి చెందిన) గుడిలోనూ కొందరు ఉంటారు. ఆ బాధ ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర గొణుగుడుగా మిగిలిపోతే ఎవరికీ మేలు లేదు.

మొదట, అదే బాధ ఉన్న ముగ్గురు నలుగురిని వెతకండి. వారానికి ఒక రోజు ఒక ఇంట్లో కలవండి. తొలి ఆరు వారాలు ప్రణాళికలు, తీర్మానాలు వద్దు. వాక్యం చదవండి, ప్రార్థించండి, ఇతరుల తప్పులకంటే ముందు మీ తప్పులు ఒప్పుకోండి. 1930లలో రువాండాలోని గహిని నుంచి ఉగాండా, కెన్యాలకు పాకిన తూర్పు ఆఫ్రికా ఉజ్జీవానికి బలం ఈ ఒప్పుకోలే. దొంగిలించినవి తిరిగి ఇచ్చేసినవారూ అందులో ఉన్నారు.

పాస్టరుగారికి చెప్పడం మాత్రం వాయిదా వేయకండి. చాటుగా నడిచే కూటం ఎంత మంచిదైనా చీలికలాగే కనిపిస్తుంది. ఫిర్యాదుల జాబితాతో వెళ్లకుండా, "మీకోసం ప్రార్థిస్తున్నాం, ఒకసారి మాతో కూర్చోండి" అని పిలవండి. కూటాన్ని ఆదివారం ఆరాధనకు పోటీగా ఎన్నడూ పెట్టకండి.

సంఖ్య పన్నెండు దాటగానే రెండు కూటాలుగా విడిపోండి. పెద్ద కూటంలో మౌనంగా ఉండేవారి గొంతు ఎవరికీ వినిపించదు. ఆంగ్లికన్ గురువైన జాన్ వెస్లీ ఈ సంగతి అప్పు తీర్చబోయి తెలుసుకున్నారు! 1742లో బ్రిస్టల్‌లో కూటపు భవనం మీద ఉన్న అప్పు కోసం సభ్యులంతా వారానికో పెన్నీ ఇవ్వాలనుకున్నారు. పన్నెండుమందికి ఒకరు చొప్పున వసూలుకు బయలుదేరారు. ఇంటింటికీ వెళ్తే ఎవరి కష్టం ఏమిటో, ఎవరు జారిపోతున్నారో తెలిసింది. ఆ వసూలే ఆత్మీయ పరామర్శగా మారింది. మీరూ కూటానికి రానివారి ఇంటికి ఆ వారమే వెళ్లండి.

చందాలు వసూలు చేస్తే లెక్క అందరికీ చూపించండి.

తర్వాత సంఘ కమిటీకి, సంఘాల పాలక సభ అయిన సినడ్‌కు జరిగే ఎన్నికల్లో మీవారిని నిలబెట్టండి. సినడ్‌లో బిషప్పులు, గురువులతోపాటు సామాన్య విశ్వాసులకూ ఓటు ఉంటుంది. 2012లో ఇంగ్లండ్ సంఘపు జనరల్ సినడ్‌లో మహిళా బిషప్పుల ప్రతిపాదన సామాన్య సభ్యుల సభలో ఆరు ఓట్లు తగ్గి ఆగిపోయింది. ఆ ప్రతిపాదనపై మన అభిప్రాయం ఏదైనా, ఆ కుర్చీల బరువు తెలుసుకోవాలి.

వ్యతిరేకత వస్తుంది. 1782లో ఆంగ్లికన్ గురువు చార్లెస్ సిమియన్ కేంబ్రిడ్జ్‌లోని హోలీ ట్రినిటీ గుడికి వచ్చినప్పుడు, ఆయన ప్రసంగాలు నచ్చని సభ్యులు ఎవరూ కూర్చోకుండా తలుపులున్న తమ బల్లల వరుసలకు తాళాలు వేసుకున్నారు. ఆయన 1836లో చనిపోయేవరకూ ఆ గుడిని విడిచిపెట్టలేదు. అలాంటి తాళం మీకు ఎదురైనా ఆ వారపు కూటం ఆపకండి. తాళం వేసినవారిని పేరుపేరునా తలుచుకుని ప్రార్థించండి.