రైటర్‌లో పుస్తకం పని – మూడో పాఠం: మడత పుస్తకం ముద్రణ

గత పాఠంలో పేరాలకు స్టైళ్లు అమర్చి, వ్రతకథ ప్రతిని లిబ్రేఆఫీస్ రైటర్ అనే, పత్రాలు రాసుకునే ప్రోగ్రాములో సిద్ధం చేసుకున్నాం. ఈసారి దానిని, నాలుగు ఏ4 కాగితాలను నడిమికి మడిచి కుట్టిన 16 పేజీల చిన్న పుస్తకంగా ముద్రించుకుందాం.

కంప్యూటర్ ముందు కూర్చునే ముందు నాలుగు తెల్లకాగితాలను ఒకదానిపై ఒకటి పేర్చి మడవండి. మడత ఎడమవైపు ఉండేలా పట్టుకొని, పేజీ మూలల్లో పెన్సిలుతో 1 నుంచి 16 వరకు అంకెలు వేసి, ఆ తర్వాత కాగితాలను విడదీసి చూడండి. అన్నిటికన్నా బయటి కాగితానికి ఒకవైపు 16, 1 పక్కపక్కన ఉంటాయి, దాని వెనుక 2, 15 ఉంటాయి. నట్టనడుమ కాగితం మీద ఒకవైపు 10, 7, మరోవైపు 8, 9 కనిపిస్తాయి. ఏ జతను కూడినా 17 వస్తుంది. ఒక్కో కాగితం నాలుగు పేజీలవుతుంది కనుక, 14 పేజీల ప్రతిని ముద్రిస్తే చివరి రెండు పేజీలు ఖాళీగా మిగులుతాయి. వాటిలో ఒకదానిని ముఖపత్రం వెనక్కి జరపడమే నాకు ఇష్టం.

ఎక్కువమంది పొరబడేది పేజీ కొలత దగ్గర. ప్రతిని ఏ4 కొలతలోనే ఉంచి పుస్తకంగా ముద్రిస్తే ప్రతి పేజీ దాదాపు 71 శాతానికి కుంచించుకుపోతుంది. 12 పాయింట్ల అక్షరం ఎనిమిదిన్నరకు దిగుతుంది. ఇంగ్లీషు అక్షరమైతే ఆ మాత్రం తట్టుకుంటుందేమో కానీ, 'స్త్రీ'లోని రెండు వత్తులూ గుడిదీర్ఘమూ కలిసి ఒక సిరా చుక్కలా మారి, పీట మీద కూర్చుని కథ చదివే పెద్దవారికి కళ్లజోడు పెట్టుకున్నా అందవు. అందుచేత ఫార్మాట్ మెనూలోని పేజీ స్టైల్‌లో ముందే ఏ5, అంటే 148 × 210 మిల్లీమీటర్ల కొలతను, నిలువు పేజీని ఎంచుకోండి. పేజీ లేఅవుట్‌ను 'మిర్రర్డ్'గా (ఎదురెదురు పేజీల అంచులు అద్దంలోలా తిరగబడేలా) మార్చి, మడత వైపు 18 మిల్లీమీటర్ల అంచు వదలండి. కొలత మారగానే పేజీలు పెరుగుతాయి కనుక, లెక్క మళ్లీ చూసుకోవాలి.

ఇక ప్రింట్ ఆదేశం ఇవ్వగానే తెరమీద తెరుచుకునే పెట్టెలో కాగితం ఏ4 అని, అడ్డంగా అని పెట్టి, పేజీ లేఅవుట్‌లో 'బ్రోషర్' ఎంచుకోండి. పేజీల జతలను రైటర్ తానే కూర్చుకుంటుంది. ప్రింటరుకు రెండు వైపులా ముద్రించే వీలుంటే, కాగితాన్ని తిప్పేది పొట్టి అంచు మీదుగా ఉండాలి. నేను మొదటిసారి పొడవు అంచును ఎంచుకోవడంతో కాగితాలన్నిటి వెనుకవైపూ తలకిందులుగా వచ్చింది. ఆ వీలు లేని ప్రింటరులో, ఒకవైపు ముద్రణ అయ్యాక కట్టను ఎటు తిప్పి పెట్టాలన్నది ఒక్కో యంత్రానికి ఒక్కోలా ఉంటుంది. కాగితం మూలన పెన్సిలుతో బాణం గుర్తు వేసి, నాలుగు పేజీల ప్రతితో ముందుగా పరీక్షించండి.

మామూలు స్టేప్లరు మడత దాకా అందదు. కట్టను తెరిచి, మడత గీత మీద దబ్బనంతో మూడు రంధ్రాలు చేయండి. లోపలి నుంచి నడిమి రంధ్రంలో దారం దూర్చి, వెలుపలి నుంచి పై రంధ్రం గుండా లోపలికి తెచ్చి, అక్కడి నుంచి కింది రంధ్రం గుండా బయటకు తీసి, మళ్లీ నడిమి రంధ్రంలోంచి లోపలికి లాగండి. నిలువు దారానికి చెరో పక్కన రెండు కొసలూ ఉండేలా చూసి ముడి వేయండి.

వచ్చే పాఠంలో దీనికి దళసరి అట్టను తొడుగుదాం.