హైదరాబాద్‌లో దొరకని పాత తెలుగు పుస్తకం వేరే దేశంలో ఉందేమో ఇలా చూడండి

అబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల వరసలన్నీ తిరిగి, అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో కూడా అడిగి, లేదనగానే ఆశ వదిలేసేవాళ్లు చాలామంది. దయచేసి అక్కడే ఆగిపోకండి.

ముందు పుస్తకం ఎప్పుడు, ఎక్కడ అచ్చయిందో తెలుసుకోండి, దారి చూపించేది అదే. మద్రాసులోనో రాజమండ్రిలోనో బ్రిటిష్ వాళ్ల కాలంలో అచ్చయిందా? 1867 చట్టం ప్రకారం అలాంటి పుస్తకాల కాపీలు ప్రభుత్వానికి ఇవ్వాల్సి ఉండేది, వాటిలో కొన్ని లండన్ చేరి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. నిజాం రాజ్యంలో అచ్చయిన వాటికి ఆ చట్టం వర్తించలేదు, కాబట్టి వాటికి అఫ్జల్‌గంజే మొదటి దిక్కు. కొత్త పుస్తకాల కాపీలు కొన్ని పెద్ద లైబ్రరీలకు పంపాలని 1954లో ఇంకో చట్టం వచ్చింది, ఆ తర్వాతివైతే కోల్‌కతా నేషనల్ లైబ్రరీ, చెన్నై కన్నెమరా లైబ్రరీ చూడండి. 1962 నుంచి అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి ఢిల్లీలో ఆఫీసు ఉంది, తెలుగు పుస్తకాలూ కొంటుంది.

తర్వాత ఆ లైబ్రరీల ఆన్‌లైన్ కేటలాగ్. అందరూ తడబడేది ఇక్కడే, నేను కూడా చాలా రోజులు ఏమీ దొరక్క తెగ టెన్షన్ పడ్డాను. తెలుగు పేరుని ఇంగ్లిష్ అక్షరాల్లో మనం రాసినట్టు వాళ్లు రాయరు. ‘చరిత్ర’ అని వెతకాలంటే మనం సి పక్కన హెచ్ కొడతాం, కేటలాగ్‌లో ఉండేది ఒట్టి సి. ఆ హెచ్ తీసేసి మళ్లీ వెతకండి. రచయిత ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి చూడండి. వియాఫ్ (VIAF) అనే ఉచిత సైట్‌లో ఒకే రచయిత పేరుని ఏ దేశపు లైబ్రరీ ఎలా రాసిందో పక్కపక్కనే కనిపిస్తుంది. 2003లో అమెరికా, జర్మనీ జాతీయ గ్రంథాలయాలు ఓసీఎల్‌సీ (OCLC) అనే లైబ్రరీల సహకార సంస్థతో కలిసి దీన్ని మొదలుపెట్టాయి, తర్వాత ఫ్రాన్స్ కూడా చేరింది. జాతీయ గ్రంథాలయాల అధిపతులకు 1974 నుంచి సొంత వేదిక ఉంది, అక్కడ కలిసి మాట్లాడుకుంటారు. ఇలా చేతులు కలపబట్టే మనం ఇంట్లో కూర్చుని లండన్ బీరువాలో ఏముందో చూడగలుగుతున్నాం, ఇది నాకు చాలా పెద్ద విషయం.

దొరికిందా? రికార్డులో ఉన్న షెల్ఫ్ నంబర్ ఉన్నదున్నట్టు రాసుకుని ఆ లైబ్రరీకి మెయిల్ పెట్టండి. మన దేశంలో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది, అక్కడి రూల్ వేరుగా ఉండొచ్చు, కాబట్టి రచయిత పోయిన సంవత్సరం మీకు తెలిస్తే అదీ రాయండి. మొత్తం పుస్తకం అడగొద్దు, ముందు ముఖపత్రం, విషయసూచిక స్కాన్ చేసి పంపగలరా అని, ఎంత ఖర్చవుతుందని అడగండి. మీకు కావాల్సిన ముద్రణ అదేనని తేలాకే మిగతా పేజీలకు డబ్బు కట్టండి.