సెల్ఫ్ కొట్టొద్దు: వానలు ముదిరేలోపు కారున్నవాళ్ళకి కొన్ని జాగ్రత్తలు

పోయిన వారం పడింది ఇంకా అసలు వాన కాదు. గంటసేపు దంచి వెళ్ళిపోయింది, అంతే. దానికే నెల్లూరులో ఒక అండర్‌బ్రిడ్జి కింద మంచి కండిషన్‌లో ఉన్న డీజిల్ కారు ఆగిపోయింది. మర్నాడు తాడు కట్టి మా మెకానిక్ షెడ్డుకి లాక్కొచ్చారు. పైకెత్తి చూస్తే ఇంజన్ బ్లాకు పక్కన చెయ్యి దూరేంత బొక్క. అందులోంచి విరిగిన కనెక్టింగ్ రాడ్డు (పిస్టన్‌ని కింది క్రాంకుకి కలిపే కడ్డీ) కొస బయటికి కనిపిస్తోంది. నీళ్ళు ఎంత లోతున్నాయని అడిగితే మోకాలి దాకా అన్నారు. మోకాలి లోతు నీళ్ళు బ్లాకు పగలగొట్టవు. ఆగాక సెల్ఫ్ కొట్టారా అని అడిగాను. ఆయన మాట్లాడలేదు. పక్కనున్న వాళ్ళావిడే చెప్పింది: "పట్టేదాకా కొడుతూనే ఉన్నాడన్నా. పట్టింది. కాస్త దూరం పోయామో లేదో, పెద్ద శబ్దం చేసి ఆగిపోయింది."

ఈ సీజన్ మొత్తానికి నేను చెప్పదలచుకుంది ఆ ఒక్క మాటే. నీళ్ళలో ఆగిపోయిన బండికి మళ్ళీ సెల్ఫ్ కొట్టొద్దు. వానలో నెమ్మదిగా పోండి, అరిగిన టైర్లు మార్చుకోండి లాంటివి ఎవరైనా చెబుతారు, అవి మీకు తెలిసినవే.

నెల్లూరు, ప్రకాశం, మన ఈ రెండు జిల్లాలకి అసలు గండం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జూన్‌లో అందరికీ వచ్చే వాన మనకి పెద్దగా రాదు, ఈశాన్య రుతుపవనాలు వచ్చాకే ఇక్కడ చెరువులు నిండేది. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడులో రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు దారిలో ఉన్న మన ఊళ్ళన్నిటినీ ముంచెత్తింది. అంత పెద్ద వరద కూడా అక్కర్లేదు. నెల్లూరులో మాగుంట లేఅవుట్, విజయమహల్ గేటు, రామలింగాపురం అండర్‌బ్రిడ్జిలు నిండటానికి ఒక్క గట్టి వాన చాలు. ఒంగోల్లో పోతురాజు కాలువ పక్క వీధుల వాళ్ళకి ఈ సంగతి నేను చెప్పాల్సిన పని లేదు.

లోపల జరిగేదేమిటి

ఇంజన్ గాలిని పీల్చి నొక్కుతుంది. గాలి నొక్కితే నలుగుతుంది, నీళ్ళు నలగవు. పైకి వస్తున్న పిస్టన్‌కి నీళ్ళు అడ్డం పడితే ఆ బలం మొత్తం కింద ఉన్న కనెక్టింగ్ రాడ్డు మీద పడుతుంది. రాడ్డు వంగుతుంది. డీజిల్ ఇంజన్‌లో పిస్టన్ పైకి వచ్చాక మిగిలే జాగా పెట్రోల్ దానికన్నా తక్కువ, కాబట్టి ఇంకా కొంచెం నీళ్ళకే వంగుతుంది.

గాలి పీల్చే గొట్టం చాలా చిన్న కార్లలో ముందు గ్రిల్లు వెనకాల, దాదాపు హెడ్‌లైట్ ఎత్తులో ఉంటుంది. మోకాలి లోతు నీళ్ళు అక్కడిదాకా ఎలా ఎక్కుతాయని వాదిస్తారు. నిలబడి ఉన్న నీళ్ళయితే ఎక్కవు. ఎదురుగా బస్సో ఇసుక లారీయో దిగిందంటే అది తోసుకొచ్చే అల బానెట్ మీదికి వస్తుంది. ఎదురు ఎవరూ లేకపోయినా మీరే స్పీడుగా దిగితే మీ అల మీకే తగులుతుంది. గొట్టంలోకి ఒక్క గుక్క పోయినా చాలు.

ఇంకో సంగతి ఎక్కువమందికి తెలియదు. నెమ్మదిగా పోతూ పోతూ ఆగిపోయిన బండిలో చాలాసార్లు ఆ క్షణానికి ఏమీ విరిగి ఉండదు. తిరిగే వేగం తక్కువ కాబట్టి ఇంజన్ దానంతట అదే ఆగిపోతుంది. అలా వదిలేసి తెస్తే నీళ్ళు తీసి, ఆయిలూ ఫిల్టర్లూ మార్చి పంపిస్తాం. వేలల్లో తేలిపోతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిలబడి మునిగిన కారు కూడా అంతే, అది ఆగి ఉండగా మునిగింది కాబట్టి రాడ్డుకి దెబ్బ తగలదు. మర్నాడు పొద్దున ఓనరు దిగి, "పని చేస్తుందో లేదో చూద్దాం" అని తాళం తిప్పుతాడు చూడండి, లక్షల ఖర్చు అక్కడ మొదలవుతుంది.

అంటే ఇంజన్ చాలాసార్లు చెడేది మునిగినప్పుడు కాదు, మునిగాక సెల్ఫ్ కొట్టినప్పుడు.

తోస్తామని వచ్చేవాళ్ళు

బండి ఆగగానే నలుగురు కుర్రాళ్ళు వస్తారు. మంచివాళ్ళే, సాయం చేద్దామనే వస్తారు. "అన్నా, కీ ఆన్ చేసి సెకండ్ గేర్‌లో వెయ్యి, తోస్తాం, క్లచ్ వదులు" అంటారు. వదలొద్దు. తోసి స్టార్ట్ చేసినా లోపల పిస్టన్ నొక్కేది ఆ నీళ్ళనే. ఇంకొకాయన ట్రాక్టర్ తెచ్చి తాడు కడతాడు, పదడుగులు లాగాక "ఇప్పుడు గేర్ వెయ్యన్నా" అంటాడు. అది ఇంకా ప్రమాదం, సెల్ఫ్ మోటరుకన్నా ట్రాక్టర్‌కి బలం ఎక్కువ. బండి న్యూట్రల్‌లో ఉండాలి, చెయ్యి గేర్ రాడ్డు మీదికి పోకూడదు. ఆటోమేటిక్ గేర్ల బండి అయితే తోసి గట్టుమీదికి ఎక్కించడం వరకే, అక్కడినుంచి ఇంజన్ తిప్పే చక్రాలు (చాలా చిన్న కార్లకి ముందువి) పైకెత్తి లాగాలి, లేదా లారీ మీద ఎక్కించాలి.

ఆటో స్టార్ట్-స్టాప్ ఉన్న కార్లకి ఒక అదనపు జాగ్రత్త. ట్రాఫిక్‌లో ఆగగానే ఇంజన్ ఆపేసి, క్లచ్ తొక్కగానే మళ్ళీ తనే స్టార్ట్ చేసే ఏర్పాటు ఇప్పుడు చాలా బండ్లకి ఉంది. నీళ్ళలో దిగే ముందు దాని స్విచ్ ఆఫ్ చెయ్యండి. మీరు కొట్టకపోయినా బండే మీ తరఫున సెల్ఫ్ కొడుతుంది.

గట్టుకి చేరాక

ముందు బానెట్ ఎత్తి 10 నంబర్ స్పానర్‌తో బ్యాటరీ మైనస్ టెర్మినల్ తియ్యండి. ఇక ఎవరూ పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టలేరు, వైరింగ్‌లో షార్ట్ కూడా కాదు. తర్వాత ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తియ్యండి, క్లిప్పులే ఉంటాయి, లేదంటే రెండు మూడు స్క్రూలు. లోపల కాగితం ఫిల్టర్ పొడిగా ఉంటే బతికిపోయినట్టే, బహుశా సెన్సరో వైరింగో తడిసి ఆగి ఉంటుంది. తడిసి ముద్దయిందంటే నీళ్ళు లోపలికి పోయాయనే లెక్క. డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే కడ్డీ) లాగి చూడండి. ఆయిల్ గుర్తుకన్నా పైకి వచ్చినా, పాలు ఎక్కువైన టీ రంగులో ఉన్నా ఆయిల్లో నీళ్ళు కలిసినట్టే.

ఈ రెండింట్లో ఏది కనిపించినా బండి షెడ్డుకే పోవాలి, అదీ నడుపుకుంటూ కాదు. అక్కడ పెట్రోల్ బండికి ప్లగ్గులు, డీజిల్‌కి ఇంజెక్టర్లు విప్పి, క్రాంకుని ముందు చేత్తో తిప్పి, ఆ తర్వాతే సెల్ఫ్ కొడతారు. నీళ్ళు ఆ బొక్కల్లోంచి పిచికారీ కొట్టినట్టు బయటికి వస్తాయి. మీ మెకానిక్ ఇవేవీ విప్పకుండా నేరుగా తాళం తిప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపండి. మొహమాటపడితే బిల్లు మీదే. ఆయిల్ ఒకసారి మార్చాక కొద్దిగా నడిపి మళ్ళీ మార్చాలి, మొదటిసారికే తేమంతా పోదు. గేర్ ఆయిల్ కూడా చూడమనండి, దాన్ని అందరూ మర్చిపోతారు. ఈ పనంతా వీలైనంత తొందరగా జరగాలి. వారం తర్వాత తెస్తే సిలిండర్ గోడలకి తుప్పు పట్టి ఉంటుంది.

మీరు కొట్టకముందే ఇంకెవరో కొట్టేశారు అనుకుందాం. ఎలా మోగిందో గుర్తుపెట్టుకుని మెకానిక్‌కి చెప్పండి. టకటకటకమని వరసగా కొట్టుకుంటే సాధారణంగా బ్యాటరీ డౌన్. ఇంజన్ బాగానే తిరుగుతూ పట్టకపోతే కరెంటు వైపో ఇంధనం వైపో తడి. ఒక్కసారి 'టక్' మని గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోతే లోపల నీళ్ళు ఉండొచ్చు. సరిగ్గా ఇక్కడే జనం మోసపోతారు. బ్యాటరీ దిగిందనుకుని పక్క కారునుంచి వైర్లు తగిలించి ఇంకా బలంగా కొడతారు, వంగని రాడ్డు కూడా అప్పుడు వంగుతుంది. వంగిన రాడ్డుతో బండి స్టార్ట్ అవుతుంది కూడా. కొన్నాళ్ళు తిరుగుతుంది. చిన్నగా కొట్టుకునే శబ్దం, ఒక సిలిండర్ లాగనట్టు వణుకు. ఎప్పుడో హైవే మీద స్పీడులో ఉండగా విరిగి బ్లాకుని చీల్చుకుని బయటికి వస్తుంది.

ఇన్సూరెన్సు మాట. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే మీ బండికి పైసా రాదు. కాంప్రిహెన్సివ్ ఉంటే వరద నష్టానికి వస్తుంది. కానీ నీళ్ళలో ఆగాక స్టార్ట్ చేయడం వల్ల ఇంజన్ పోయిందని సర్వేయర్ రాస్తే మామూలు పాలసీలో ఆ భాగం ఇవ్వరు. దానికి ఇంజన్ ప్రొటెక్ట్ అని విడిగా కట్టాలి. మీ కాగితాల్లో ఆ పేరు ఉందో లేదో ఈ రాత్రికే చూసుకోండి. ఉన్నా సరే, దాన్ని నమ్ముకుని సెల్ఫ్ కొట్టకండి, షరతులు చిన్న అక్షరాల్లో ఉంటాయి. నీళ్ళు తలుపుకి ఎంత ఎత్తుదాకా వచ్చాయో ఆ మరక కనిపించేలా ఫోటోలు తీసి, బండి విప్పకముందే కంపెనీకి ఫోన్ చెయ్యండి.

ఇక మిగతావి, తోచిన వరసలో రాస్తున్నాను.

వైపర్ రబ్బర్లు మన ఎండలకి చెక్కలాగా బిగుసుకుపోయి ఉంటాయి, ఇప్పుడే మార్చండి. వాన మొదలయ్యాక వేలితో తడిమి లాభం లేదు.

వైపర్ల కింద జాలీలో వేపాకు, చెత్త తీసెయ్యండి. అక్కడ నీళ్ళు పోయే దారి మూసుకుంటే అవి కారులోకి, ఏసీ ఫ్యాన్‌లోకి దిగుతాయి. కాళ్ళ దగ్గర కార్పెట్ తడిస్తే కొన్ని బండ్లలో దాని కిందే వైరింగ్ జాయింట్లు.

అద్దం లోపల ఆవిరి పడితే గుడ్డతో తుడుస్తూ నడపొద్దు. ఏసీ వేసి గాలి అద్దం మీదికి తిప్పండి, బయటి గాలి తీసుకునే స్విచ్ పెట్టండి.

నాలుగు వైపులా ఇండికేటర్లు వేసుకుని వానలో పోవద్దు. మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి తెలియదు. బండి ఆగితేనే అవి.

దిగక తప్పదంటే ఫస్ట్ గేర్, ఒకటే వేగం, ఏసీ ఆఫ్, మధ్యలో గేర్ మార్చొద్దు, ఎదురు బండి పూర్తిగా ఎక్కేదాకా ఆగండి. ముందు బండి వెనకాలే తోకలా పోవద్దు, అది ఆగితే మీరూ ఆగాలి.

నీళ్ళు దాటాక బ్రేకు మెల్లగా కొన్నిసార్లు తొక్కి ఆరబెట్టుకోండి. తర్వాతే స్పీడు.

తడి బ్రేకులతో హ్యాండ్ బ్రేక్ లాగి రెండు మూడు రోజులు వదిలేస్తే లైనర్లు డ్రమ్ముకి పట్టేస్తాయి. చదునైన చోటయితే గేర్‌లో వేసి వదిలెయ్యండి.

రొయ్యల గుంటల మీదుగా వచ్చిన నీళ్ళు తగిలితే అది ఉప్పు నీరు. ఆరేదాకా ఆగకుండా మంచినీళ్ళతో బండి అడుగు కడిగించండి.

ట్యాంకు మూత రబ్బరు చూడండి. పెట్రోల్లో ఇప్పుడు ఇథనాల్ ఉంది, నీళ్ళు తగిలితే రెండూ కలిసి అడుక్కి దిగుతాయి, పంపు లాగేది అడుగునుంచే.

మన్నేరు, పాలేరు, బొగ్గేరు వాగుల చప్టాల మీద నీళ్ళు పారుతుంటే అవతల చుట్టాల పెళ్ళి ఉన్నా సరే వెనక్కి తిరగండి. పారే నీళ్ళు అడుగు లోతుంటే చిన్న కారు తేలడం మొదలవుతుంది. రెండడుగులుంటే పెద్ద బండినీ తోస్తుంది. ముందు ట్రాక్టర్ పోయిందని మీరు పోవద్దు.

రాత్రిపూట చప్టా దాటొద్దు. అసలే దాటొద్దు.

నీళ్ళలో దిగే ముందు ఒక కిటికీ అద్దం సగం దించండి. కరెంటు పోతే ఆ తర్వాత దిగదు. ఇరుక్కుంటే సీటు మీది హెడ్‌రెస్ట్ పీకి దాని ఇనుప కడ్డీతో పక్క అద్దం మూల మీద కొట్టండి. ముందు అద్దం మీద బలం వృథా చెయ్యొద్దు, అది రెండు పొరల మధ్య అంటించింది, పగిలినా విడిపోదు. పిల్లల తలుపుకి చైల్డ్ లాక్ తీసి ఉంచండి.

తుపాను హెచ్చరిక రాగానే కారు సెల్లార్ నుంచి పైకి తెచ్చి ఎత్తున పెట్టండి, చెట్టు కింద వద్దు.

బండి ఆగింది, నీళ్ళు పెరుగుతున్నాయి: అందరూ దిగండి, బండి వదిలెయ్యండి.

బండి ఆగింది, నీళ్ళు పెరగట్లేదు: న్యూట్రల్‌లో తోయించండి, గట్టుకి చేరాక తాళం తీసి జేబులో వేసుకోండి, సెల్ఫ్ కొట్టొద్దు.

బావమరిది వచ్చి "ఒక్కసారి నేను చూస్తా" అంటే: కొట్టనివ్వొద్దు.

రాత్రంతా ఆరింది కదా, ఇప్పుడు పర్లేదు కదా అంటే: ఎండకి ఆరేది పైన రంగు. సిలిండర్లో నీళ్ళు అలాగే ఉంటాయి. ప్లగ్గులు విప్పేదాకా కొట్టొద్దు.

కారు తాళం ఇంట్లో ఇంకెవరి దగ్గరైనా ఉంటే వాళ్ళకీ ఇది చదివి వినిపించండి.