హారర్ సినిమాను యాక్టర్ కోసం చూడుడు ఎట్లా? శనివారం రాత్రి ఇంట్లనే, మేం చేసింది చేసినట్టు

మా ఇల్లు హన్మకొండల, కాజీపేట దిక్కు. రాత్రి పదకొండు దాటినంక గూడ్స్ బండ్ల కూత ఇంట్లకు వినొస్తది. మూడు నాలుగేండ్ల సంది మాకు శనివారం రాత్రి హారర్ సినిమా పెట్టుకునుడు అలవాటైంది, నేను, మా అమ్మ, వదిన, పక్కింటి ఇద్దరు డిగ్రీ పిల్లలు. మొదట్ల అందరి లెక్కనే దయ్యం ఎప్పుడొస్తదా అని చూసేటోళ్లం, అదాటున సౌండ్ రాంగనే కెవ్వున అరుసుడు, ఎంబడే నవ్వుడు, తెల్లారి లేసేసరికి ఏం చూసినమో కూడ యాదికుండకపోతుండె. యాక్టర్‌ను పట్టుకొని చూసుడు మొదలుపెట్టినంక మొత్తం మారింది. ఒక మనిషి కండ్లతోని, నడకతోని, గొంతుతోని కుర్చీల కూసున్న మనకు చెమటలు పట్టిస్తున్నడంటే అది మామూలు పని కాదు, ఏడిపిచ్చుడు కన్నా నవ్విచ్చుడు కన్నా కష్టమని నేను గట్టిగ నమ్ముత. గట్ల చూడాలంటే ఏం చేయాలె, ఏ వరుసల పోవాలె అన్నది కింద రాస్తున్న.

ముందుగాల: ఎవరెవరు కూసుంటరో తేల్చుకోండ్రి

దీన్ని లైట్ తీసుకోవద్దు. మా అక్క కొడుకు ఎనిమిదేండ్ల పోరడు, దసరా సెలవులకు వచ్చిండు, నిద్రపోయిండు కదా అని మేం సినిమా పెట్టినం, వాడు దుప్పటి సందులకెళ్లి మొత్తం చూసిండు. మూడు రాత్రులు లైటు బంద్ చేయనియ్యలే, ఒక్కడే బాత్రూంకు పోలే, అక్క అడుగుతుంటే నా దగ్గర జవాబు లేదు. అప్పటి సంది సర్టిఫికెట్ చూడంది ఏదీ పెడ్తలేను. ఇప్పుడు సెన్సార్ బోర్డు యూఏను, అంటే పిల్లలకు పెద్దోళ్లు చూసి చూపియ్యాలె అనే సర్టిఫికెట్‌ను, 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్ అని మూడు రకాలు చేసింది, అది చూసుకుంటే సగం పని అయిపోతది. 'A' సర్టిఫికెట్, అంటే పెద్దోళ్లకే అన్నది, పిల్లలు ఇంట్ల మెలకువతోని ఉన్నప్పుడు అసలే వద్దు. గుండె జబ్బు ఉన్నోళ్లను, నిండు నెలల ఆడబిడ్డలను బలవంతం పెట్టొద్దు, రానన్నోళ్లను పిరికోళ్లని ఎక్కిరియ్యొద్దు.

రెండోది: సినిమా కాదు, మనిషిని ఎంచుకోండ్రి

ఇదే అసలు ముచ్చట. "ఈ వారం ఏ సినిమా" అని అడగొద్దు, "ఈ వారం ఎవరు" అని అడగాలె. మొదటిసారి చేసేటోళ్లకు నేను చెప్పేది ఒక్కటే, ఒకే పాత్రను వేరే వేరే ఆడోళ్లు చేసింది పక్కపక్కన పెట్టి చూడుండ్రి. మనందరికి తెలిసిన చంద్రముఖి 2005ల వచ్చింది, జ్యోతిక చేసింది. దాని మూలం 1993ల వచ్చిన మలయాళం మణిచిత్రతాళు, అందుల శోభన, ఆమెకు దానికే ఉత్తమ నటిగ నేషనల్ అవార్డ్ వచ్చింది. నడుమ 2004ల కన్నడంల ఆప్తమిత్ర, అందుల మన సౌందర్య. హిందీల 2007ల భూల్ భులయ్యా, అందుల విద్యాబాలన్. నాలుగు భాషలు, నలుగురు, పాత్ర ఒక్కటే, తనను తాను పాతకాలం నాట్యకత్తె అనుకొని మారిపోయే ఒక భార్య.

సౌందర్యది పెట్టినప్పుడు మా ఇంట్ల ఎవ్వరం మాట్లాడలే. 2004 ఏప్రిల్ 17న ఆమె బెంగళూరుల విమానం ఎక్కింది మన కరీంనగర్‌ల ఎలక్షన్ ప్రచారానికి రావడానికే, ఎక్కిన కొద్ది సేపటికే అది కూలిపోయింది. ఆ సినిమా ఆమె పోయినంక ఆగస్టుల రిలీజ్ అయింది. మా అమ్మకు ఆ దినం మంచిగ యాదికున్నది. తెర మీద ఆమె ఆ కండ్లు పెద్దగ చేసి చూస్తుంటే భయమూ బాధా కలిసే వస్తయి, వేరుచేసుడు నాతోని కాలే.

ఇగ సీన్ చూసే పద్ధతి. మంచం లేపే సీన్ పెట్టుండ్రి. భర్త బయటికి పోవద్దంటడు. ఆమె ముందు మామూలు భార్య లెక్కనే ఎందుకు అని అడుగుతది. మళ్ల అడుగుతది. అక్కడ ఆపుండ్రి, ముఖం చూడుండ్రి. ఇంకా ఏ మేకప్ లేదు, గాలి లేదు, లైట్లు ఆరలే. కనుబొమ్మలు కొంచెం బిగుసుకుంటయి, కండ్లు భర్త మీదికెళ్లి పక్కకు పోవు, గొంతు కిందికి దిగుతది, అప్పుడు చేయి మంచం మీదికి పోతది. మంచం లేసేసరికి మనం ఆల్రెడీ భయపడి ఉన్నం, మంచం ఉత్త సాక్ష్యం మాత్రమే. భర్త పేరు పెట్టి గట్టిగ పిలవంగనే మళ్ల మామూలు మనిషయితది, ఏమైందో ఆమెకే తెల్వదు. ఆ తిరిగొచ్చుడు చేసుడే అన్నిటికన్నా కష్టం, అక్కడ ఒక్క సెకను తేడా కొట్టినా నవ్వొస్తది. శోభన దాన్ని భరతనాట్యం చేసే ఒంటితోని చేస్తది, మెడ తిప్పుడులనే ఒక లెక్క ఉంటది. జ్యోతిక అయితే మొత్తం కండ్ల మీదనే నడిపిస్తది.

నాకు ఈ మార్పు ఎందుకు గంత దగ్గరగ అనిపిస్తదంటే, చిన్నప్పటి సంది ఐనవోలు మల్లన్న జాతరకు పోయినోళ్లం కదా. అక్కడ మల్లన్న భక్తురాండ్లు శివసత్తులకు సిగం, అంటే పూనకం, వచ్చేటప్పుడు చూసిన. అది భక్తి, దాన్ని దయ్యంతోని కలపొద్దు, కానీ మామూలుగ మాట్లాడే ఆడామె నడక, చూపు, గొంతు నిమిషంల వేరే అయిపోవుడు మనకు పుస్తకంల చదివిన ముచ్చట కాదు. అందుకే మన దిక్కు ప్రేక్షకులు ఈ పాత్రల దొంగ నటన ఉంటే ఎంబడే పట్టేస్తరు.

మూడోది: గది

పెద్ద ఖర్చేం లేదు. టీవీల పిక్చర్ మోడ్ సినిమా మోడ్‌కు మార్చుండ్రి, ధగధగ మెరిసే మోడ్‌ల పెడితే చీకట్ల ఉన్న ముఖం బూడిద రంగుల కనబడతది. ట్యూబ్‌లైట్ బంద్, వెనక ఒక చిన్న బెడ్‌లైట్ ఉంటే కండ్లు గుంజవు. ఫోన్లు పక్క గదిల. సకినాలు, చుడువా సినిమా మొదలుకాకముందే తినుడు అయిపోవాలె, హారర్‌ల యాక్టర్లు చాలా పని మౌనంతోనే చేస్తరు, కరకర నడుమ అది వినపడదు. వాన పడ్డప్పుడు రేకుల చప్పుడుకు ఊకె సౌండ్ పెంచకుండ్రి, ఆ దినం సబ్‌టైటిల్స్ పెట్టుకొని చూడుండ్రి.

నాలుగోది: ఒకసారి మ్యూట్, ఒకసారి కండ్లు మూసుకొని

ఇష్టమైన భయం సీన్ ఒకటి తీసుకొని సౌండ్ మొత్తం బంద్ చేసి చూడుండ్రి. అదాటున మోగే సౌండ్‌కు ఉలిక్కిపడుడు ఒంటి గుణం, కుక్కర్ విజిల్‌కు కూడ ఉలిక్కిపడతం, దాన్ని నేను భయం అనను. సౌండ్ తీసేసినంక కూడ సీన్ ల భయం మిగిలితే అదంత యాక్టర్ సంపాదన.

తర్వాత ఉల్టా చేయుండ్రి. 2009 అరుంధతి పెట్టి, పశుపతి ఉన్న సీన్‌ల కండ్లు మూసుకొని వినుండ్రి. ఒళ్లు సోనూ సూద్‌ది, గొంతు పి.రవిశంకర్‌ది. ఆ "వదల" అనే మాటను ఊరూరు అనుకరించింది, కానీ అంటున్నప్పుడు ఎవరికన్నా ఆ గొంతు ఎవరిదో యాదికొచ్చిందా? సోనూ సూద్ ముఖం, మెడ నరాలు, ఆ ఒంటి ఊపు లేకుంటే గొంతు ఒక్కటే నిలవదు, గొంతు లేకుంటే ఒళ్లు సగమే. ఇద్దరు కలిస్తే ఒక పశుపతి.

ఇది మన దగ్గరే కాదు. 1973ల వచ్చిన ది ఎగ్జార్సిస్ట్‌ల దయ్యం పట్టిన పిల్లగ చేసింది లిండా బ్లెయిర్, అప్పటికి ఆమె పదమూడు పద్నాలుగేండ్ల పిల్ల. దయ్యం గొంతు మాత్రం మెర్సిడెస్ మెక్‌కేంబ్రిడ్జ్ అనే పెద్ద నటిది. పచ్చి గుడ్లు మింగి, సిగరెట్లు తాగి గొంతు బొంగురు చేసుకున్నది. మొదట్ల టైటిల్స్‌ల ఆమె పేరే వెయ్యలే, కొట్లాడి వేయించుకున్నది. మణిచిత్రతాళుల కూడ ఆమె నాట్యకత్తె నాగవల్లిగ మారినప్పటి గొంతు శోభనది కాదు, దుర్గ అనే డబ్బింగ్ ఆర్టిస్ట్‌ది. డబ్బింగ్ వాళ్ల పేర్లు మా ఇంట్ల ఇప్పుడు గట్టిగ చదువుతం, టైటిల్స్ అయిపోయేదాక టీవీ బంద్ చేయం.

అయిదోది: పాతవాటికి పోవుడు

నలుపు తెలుపు అంటే పక్కింటి పిల్లలు మొదట ముఖం తిప్పుకున్నరు. 2024ల మమ్ముట్టి చేసిన భ్రమయుగం పెట్టిన, మొత్తం నలుపు తెలుపే, తెలుగు డబ్బింగ్‌ల కూడ ఉన్నది. కూలిపోయిన పాత ఇంట్ల ఆ ముసలాయన నవ్వు చూసినంక రంగుల ఊసు ఎవ్వరూ ఎత్తలే. అక్కడికెళ్లి వెనక్కి పోవుడు సులువు.

1922 నోస్ఫెరాటు మూకీ సినిమా, మాక్స్ ష్రెక్ అనే జర్మన్ నటుడు, మెట్లెక్కే నీడ ఒక్కటి చాలు. 1931 డ్రాక్యులాల బేలా లుగోసీ, హంగేరీ మనిషి, ఇంగ్లిష్‌ను ఒక్కో మాట సాగదీసి పలుకుతడు, సినిమా మొత్తంల ఆయన కోరలు ఒక్కసారి కూడ చూపియ్యరు. 1956ల ఆయన చనిపోతే డ్రాక్యులా కేప్‌తోనే (భుజాల మీది పొడుగు వస్త్రం) సమాధి చేసిండ్రు. 1958 డ్రాక్యులాల క్రిస్టోఫర్ లీ ఆరడుగుల ఐదంగుళాల మనిషి, మెట్లు దిగొచ్చి మర్యాదగ మాట్లాడతడు, మన ఇంటికి వచ్చిన పెద్ద ఆఫీసర్ లెక్క. అదే మనిషి కొద్ది సేపటికి ఎర్రటి కండ్లు, మూతికి నెత్తురుతోని తలుపుల నిలబడతడు. ముందట ఆ మర్యాద లేకుంటే ఎనక ఆ దెబ్బ లేదు.

కానీ ఒక్కటే చూడాలంటే నేను 1931 ఫ్రాంకెన్‌స్టీన్ అంట, అందుల భూతంగ చేసిన బోరిస్ కార్లాఫ్ కోసం. సినిమా మొదట్ల టైటిల్స్‌ల ఆయన పేరు కాడ ఉత్త ప్రశ్న గుర్తు పెట్టిండ్రు. జాక్ పియర్స్ అనే మేకప్ ఆయన రోజూ గంటల కొద్ది కూసోబెట్టి ఆ చదునైన తలకాయ, మెడకు బోల్టులు పెట్టేటోడు. ఒక్క మాట కూడ లేని పాత్ర. పై కప్పు తెరిచి ఎలుతురు పడే సీన్ చూడుండ్రి. ఆ భూతం కూసున్నకాడ కెళ్లి మెల్లగ లేసి, తల పైకెత్తి, రెండు చేతులు ఎలుతురు దిక్కు చాపుతది, దాన్ని పట్టుకోవాలె అన్నట్టు. పైన మూసేస్తే ఆ చేతులు అట్లనే ఖాళీగ కిందికి వస్తయి. మా వదిన కండ్లల్ల నీళ్లు తిరిగినయి. భయపెట్టేదానికి జాలిపడేటట్టు చేసుడు, అదీ మాట లేకుండ, నేను చూసినవాట్ల ఇంతకన్నా మించింది లేదు.

1960 సైకోల ఆంథోనీ పెర్కిన్స్‌ది ఇంకో రకం. అందరూ బాత్రూం సీన్ గురించే చెప్తరు, నెత్తురు బదులు చాక్లెట్ సిరప్ వాడిండ్రని కూడ చాలామందికి తెలుసు. నేను చూడమనేది దాని తర్వాతది. శవం ఉన్న కారును బురద కుంటల తోసేసి, నోట్లె ఏదో నములుకుంట చూస్తుంటడు. కారు సగం మునిగి ఆగిపోతది. ఆయన నములుడు ఆపుతడు. ఆ రెండు మూడు సెకన్లు మనం కూడ మునగాలె, మునగాలె అనుకుంటం, తప్పు చేసినోడి దిక్కు నిలబడిపోతం. అనిపించిన ఎంబడే సినిమా ఆపి అందరిని అడుగుండ్రి, ఎవరు ఏమనుకున్నరు అని. మా ఇంట్ల ఆ ముచ్చట అర్ధగంట నడిచింది.

ఆరోది: మన దగ్గరి వాళ్లు

మసూద 2022ల వచ్చింది. సంగీత ఒక్కతే బిడ్డను సాదుకునే తల్లి, తిరువీర్ ఉత్త భయస్తుడు, బాంధవి శ్రీధర్ దయ్యం పట్టిన ఆ బిడ్డ. తిరువీర్ చేతులు వణుకుడు చూడుండ్రి, ధైర్యవంతుడు దయ్యంతోని కొట్లాడితే మనకు భయం కాదు, మన అసోంటోడు పోతుంటేనే భయం. చేతబడి కథతోని వచ్చిన "మా ఊరి పొలిమేర" సినిమాల సత్యం రాజేష్‌ను చూడుండ్రి, ఇన్నేండ్లు కామెడీల చూసిన ముఖం, అందుకే దాని మీద మనకు అనుమానం రాదు, దర్శకుడు దాన్నే వాడుకున్నడు.

ఇక్కడ ఒక మాట గట్టిగ చెప్పాలె. చేతబడి, బాణామతి కథలు మన జిల్లాలల్ల ఉత్త కథలుగ ఉండలే, ఆ అనుమానంతోనే మనుషులను కొట్టిండ్రు, చంపిండ్రు కూడ. సినిమా అయిపోంగనే ఇంట్ల చిన్నోళ్లతోని, ఊరికెళ్లి వచ్చిన పెద్దోళ్లతోని ఈ ముచ్చట మాట్లాడుండ్రి, అది నటన, మేకప్, కెమెరా అని. యాక్టర్ పేరు పెట్టి మాట్లాడితే ఇది శాన సులువు. "దయ్యం గట్ల చేసింది" అనకుండ "బాంధవి గట్ల చేసింది" అంటే పిల్లలకు ఎంబడే అర్థమయితది.

ఆఖరుది: తెల్లారి మళ్ల పెట్టుడు

రాత్రి అన్నిటికన్నా భయపెట్టిన సీన్‌ను ఆదివారం పొద్దుగాల, కిటికీలు తీసి, ఎండల మళ్ల ఒకసారి పెట్టుండ్రి. రెండు నిమిషాలు చాలు. చాలామట్టుకు నవ్వొస్తది, మేకప్ అతుకులు కనబడతయి. కొన్ని మాత్రం ఎండల కూడ అట్లనే ఉంటయి. మా అమ్మ ఒక నోట్ బుక్కుల రాస్తుంటది, ఒక దిక్కు యాక్టర్ పేరు, ఇంకో దిక్కు "పొద్దుగాల కూడ" అని. ఇప్పటిదాక ఆ వరుసల నాలుగే పేర్లు ఎక్కినయి, శోభన, కార్లాఫ్, పెర్కిన్స్, గొంతుకు రవిశంకర్. సౌందర్య పేరు రాయమంటే, ఆమెను భయం లెక్కల వెయ్యను అన్నది.